బ్రిటన్‌లో ఉద్యోగం: అప్లై చేసేముందు కంపెనీని విచారించుకోండి

మా నాయన ఏటా మామిడి తోటలు గుత్తకు తీసుకుని దామలచెరువు మండీకి కాయ తోలేవాడు. తోట చూడటానికి పోతే రోడ్డు పక్క వరసల దగ్గర ఆగేవాడు కాదు. నేరుగా వెనక వైపు, నీళ్లు సరిగ్గా అందని చెట్ల దగ్గరికి నడిచేవాడు. "ముందర చెట్లు జూసి రేటు జెప్పినావంటే మునిగిపోతావుమ్మా" అనేవాడు. బర్మింగ్‌హామ్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి తిరుపతికి తిరిగొచ్చాను. అక్కడ కొత్తగా దిగిన తిరుపతి, చిత్తూరు పిల్లలు ఫోన్ చేస్తే ఆ మాటే గుర్తొస్తుంది. వాళ్లు చూసేది కంపెనీ వెబ్‌సైట్ ఒక్కటే.

వెనక చెట్లు చూడటానికి అక్కడ కంపెనీస్ హౌస్ అని ప్రభుత్వ కంపెనీల రిజిస్టరు ఉంది. బ్రిటన్‌లో రిజిస్టరైన ప్రతి లిమిటెడ్ కంపెనీ వివరాలూ అందులో ఉచితంగా చూడొచ్చు. అయితే బోర్డు మీద పేరు ఒకటి, రిజిస్టరైన పేరు ఇంకొకటి ఉండటం మామూలే. అందుకని ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో అడుగుకు పోండి. రిజిస్టరైన పేరు, నంబరు వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టమే ఉంది. ఆ నంబరుతో వెతికితే పొరపాటు జరగదు.

పేజీ తెరవగానే స్టేటస్ 'యాక్టివ్' అని ఉందా చూడండి. దాని పక్కనే 'ప్రపోజల్ టు స్ట్రైక్ ఆఫ్' అని ఉంటే ఆ కంపెనీ పేరు రిజిస్టర్లోంచి తీసేసే పని మొదలైందని అర్థం. అకౌంట్స్ 'ఓవర్‌డ్యూ' అని ఎర్రగా కనిపిస్తే లెక్కలు సమయానికి ఇవ్వలేదన్నమాట. తర్వాత 'ఫైలింగ్ హిస్టరీ'లో చివరి అకౌంట్స్ పీడీఎఫ్ తెరవండి. చిన్న కంపెనీలైతే రెండు మూడు పేజీలే ఉంటుంది, భయపడక్కర్లేదు. 'నెట్ అసెట్స్' (అప్పులు పోను మిగిలే ఆస్తి) దగ్గర అంకె బ్రాకెట్లలో ఉంటే అది మైనస్. చాలావాటిలో సగటున ఎంతమంది ఉద్యోగులో కూడా రాసి ఉంటుంది. వెబ్‌సైట్‌లో 'మా గ్లోబల్ టీమ్' అని ఫోటోలు పెట్టి, ఇక్కడ ఇద్దరు అని రాసినవాళ్లను నేను చూశాను.

అన్నిటినీ అనుమానించనూ వద్దు. కొత్త ప్రైవేటు కంపెనీ మొదటి అకౌంట్స్ ఇవ్వడానికి రిజిస్టరైన రోజునుంచి 21 నెలల గడువుంటుంది, కాబట్టి లెక్కలు లేకపోవడం తప్పేమీ కాదు. రిజిస్టర్డ్ ఆఫీసు ఏ అకౌంటెంట్ అడ్రసో అయి ఉండటమూ అక్కడ మామూలే.

ఇక మనవాళ్లకు అసలు టెన్షన్ వీసా. అక్కడ చదువు అయ్యాక ఉండి ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవారికి, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే మామూలుగా ఉద్యోగ వీసాకు కంపెనీయే స్పాన్సర్ చేయాలి. అది చేయలేని కంపెనీ చుట్టూ మూడు నెలలు తిరిగితే ఆ కాలం మళ్లీ రాదు. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి రిజిస్టరైన పేరుతో వెతకండి. పేరుంది కదా అని సంబరపడొద్దు, ఈ ఉద్యోగానికి స్పాన్సర్ చేస్తారా అని హెచ్ఆర్‌ను మొదటి ఫోన్‌లోనే అడగండి. అడగడానికి మొహమాటపడి నాలుగు రౌండ్లయ్యాక 'సారీ' అనిపించుకున్నదాన్ని నేను.

పోయినేడు చిత్తూరు అబ్బాయి ఒకడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, ఆఫర్ వచ్చింది, సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు డబ్బు కట్టమంటున్నారు" అన్నాడు. బెల్లం మండీలో ఎవరైనా తెలియని మనిషికి అంత డబ్బు చేతిలో పెడతారా అని తిట్టాను. వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జి మామూలుగా మన మీదే పడతాయి. స్కిల్డ్ వర్కర్ వీసా కోసం కంపెనీ ఇచ్చే ఆ సర్టిఫికెట్ ఖర్చు మాత్రం కంపెనీదే. 2024 డిసెంబర్ 31 నుంచి దాన్ని ఉద్యోగి దగ్గర రాబట్టకూడదని నిబంధన ఉంది. వాడు పేరు చెప్తే వెతికాను. రిజిస్టరై ఐదు నెలలు, స్పాన్సర్ల జాబితాలో పేరే లేదు.

ఉద్యోగులు తమ కంపెనీల గురించి రాసే గ్లాస్‌డోర్ సైట్ రివ్యూల్లో తేదీలు చూడండి, ఐదు నక్షత్రాలన్నీ ఒకే వారంలో రాలిపడితే వదిలేయండి. లింక్డ్‌ఇన్‌లో, మీరు అడిగే పోస్టులో ఇంతకుముందున్నవాళ్లు ఎన్నాళ్లు ఆగారో చూడండి. ఎస్వీ యూనివర్సిటీ వాళ్లెవరైనా అక్కడ పనిచేస్తుంటే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, మనూరు పేరు చూస్తే జవాబిస్తారు. ఉద్యోగుల తగాదాలు విచారించే అక్కడి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ తీర్పులు కూడా 2017 నుంచి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. జీతాలు ఎగ్గొట్టిన కంపెనీల పేర్లు అందులో దొరుకుతాయి.

ఇంటర్వ్యూలో ఇవన్నీ అప్పజెప్పకండి. "మీకు నష్టాలొచ్చాయటగా" అంటే ఎవరికీ నచ్చదు. "ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా?" అని అడగండి. నా మొదటి ఇంటర్వ్యూలో "మా కంపెనీయే ఎందుకు?" అంటే వెబ్‌సైట్ మొదటి వాక్యం చదివినట్టు చెప్పాను. ఎదురుగా ఉన్నావిడ నవ్వి, "అది రాసింది నేనే" అంది. ఇంకో సంగతి, మాటమాటకీ సార్, మేడమ్ అనకండి. అక్కడ పేరుతోనే పిలుస్తారు, నాకు అలవాటవడానికి ఏడాది పట్టింది.

ఆఫర్ లెటర్ వచ్చాక అందులో ఉన్న కంపెనీ పేరును కంపెనీస్ హౌస్‌లో మళ్లీ ఒకసారి కొట్టి చూడండి. ఇంటర్వ్యూ చేసింది ఒక కంపెనీ, లెటర్ ఇచ్చింది దానికి తమ్ముడి లాంటి ఇంకో కంపెనీ అయితే, ఎందుకని అడిగి జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.