ఊళ్లో పాత రాయి, పాత బొమ్మ మీద తగువొస్తే ఏం చేయాలి

గుత్తి కోట కింద ఇంగ్లీషోళ్ల పాత శ్మశానం ఉంది. ఒకప్పుడు రాయలసీమకు కలెక్టరుగా చేసి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే. తర్వాత మద్రాసు తీసుకుపోయారు. ఒకసారి కాలేజీ పిల్లలతో పోయినప్పుడు ఒకడు అడిగినాడు: "పాలెగాళ్లను తుడిచిపెట్టినోడు గదా సార్, ఈ గుర్తు మనకెందుకు?" గొర్రెలు కాస్తున్న పెద్దాయన అందుకున్నాడు: "మన్రోలప్పను అట్ల అనగాకు నాయనా. మా జేజికి (నాయనమ్మకు) ఆయన దేవుడు."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెవెన్యూలో 30 ఏళ్లు ఇట్లాంటి అర్జీలే చూసినాను. తీయాలా, ఉంచాలా అనే మాట ఎత్తకముందే చేయాల్సిన పని ఒకటుంది. రాయిని చదవండి.

మిట్టమధ్యాహ్నం పోతే ఏమీ కనపడదు. పొద్దు గూకినాక పోండి. టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించి పట్టుకోండి. అరిగిన అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది, పగలు కనపడని వరస పైకి లేస్తుంది. ఫోటో అప్పుడు తీయండి. సున్నం, యాసిడ్, ఇనుప బ్రష్షు వద్దే వద్దు. మంచినీళ్లు, మెత్తని కుంచె చాలు. రాయి అడుగున మట్టి పేరుకుని ఉంటే మెల్లగా తీసి, కింది వరసలు కూడా చూడండి.

ఈ చివరి మాట ఊరికే చెప్పడం లేదు. మా పక్క ఊళ్లో ఒక బావి గట్టున ఇంగ్లీషు రాతల పలక ఉండేది. తెల్లదొర పేరు మనకేల అని ఒక రాత్రి సమ్మెటలతో పగలగొట్టినారు. తెల్లారి ముక్కలు కడిగితే, మట్టిలో పూడిన భాగాన తెలుగు అక్షరాలు బయటపడినాయి. ధాత కరువులో (1876-78 నాటి పెద్ద కరువు) ఆ బావి తవ్విన కూలోళ్ల పేర్లు. సగం పేర్లు పొడైపోయినాయి. ఆ ముక్కలు చేత్తో పట్టుకున్నాను, ఇప్పటికీ మనసు ఒప్పదు.

తర్వాత, అది గోరీనా, బొమ్మనా చూడండి. గోరీ ఎవరిదైనా జోలికి పోవద్దు, నా మాట అదే. నాలుగు రోడ్ల కూడలిలో బొమ్మ సంగతి వేరు. అది ఊరు ఇచ్చే గౌరవం, వెనక్కి తీసుకునే హక్కు ఊరికి ఉంది. 1857లో అలహాబాదు జనాన్ని ఊచకోత కోసిన నీల్ దొర బొమ్మ మద్రాసు మౌంట్ రోడ్డులో నిలబడి ఉండేది. 1927లో దాని మీద సత్యాగ్రహం చేశారు, 1937లో రాజాజీ ప్రభుత్వం తీయించింది. పగలగొట్టలేదు. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఆ జాగా సర్వే నంబరు తీసి, ఎవరి పేరున ఉందో చూడండి. పురావస్తు శాఖ రక్షణలో ఉందో లేదో తెలియకపోతే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కేంద్రం రక్షణలో ఉన్నదాన్ని పాడుచేస్తే 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

గ్రామసభ పగలే పెట్టండి. టార్చి వెలుగులో తీసిన ఫోటో గోడకు అంటించి, రాత మొత్తం తెలుగులో గట్టిగా చదివించండి. నొచ్చుకున్నోళ్లను ముందు మాట్లాడనివ్వండి. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, ఆయన తలను ఏళ్ల తరబడి వేలాడదీసిన కోవెలకుంట్ల నుంచి వచ్చినోడికి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దొర పేరు వింటేనే కడుపు రగులుతుంది. "పాత కథలు ఇప్పుడేల" అని వాళ్ల నోరు మూయించారంటే రాత్రికి సమ్మెట లేస్తుంది. ఏం చెప్పినారో తీర్మానంలో రాయించండి.

తీయాలనే తేలితే, అనుమతి కాగితం చేతికొచ్చినాక, నాలుగు పక్కలా ఫోటోలు తీసి, కొలతలు రాసుకుని, గోనెసంచులు చుట్టి, చైన్ పుల్లీతో ఎత్తండి. జేసీబీ బకెట్ తగలనీయొద్దు. మ్యూజియం తీసుకుంటుందని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి, లేకపోతే ఏదో ఆఫీసు వెనక చెత్తలో పడుతుంది. ఖాళీ అయిన చోట వెంటనే ఇంకో నాయకుడి బొమ్మ పెట్టాలని వస్తారు. రోడ్లు, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న చెప్పింది, ఆ ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకోండి.

ఉంచాలనే తేలితే పక్కన రెండో పలక పెట్టించండి. మన్రో దగ్గరైతే నేను ఇట్లా రాయిస్తా: "1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (నిజాం కుంఫిణీకి ఇచ్చేసిన సీమ జిల్లాల) కలెక్టరు. రైతుకు నేరుగా పట్టా ఇచ్చి శిస్తు కట్టించుకున్నాడు. పాలెగాళ్లను కుంఫిణీ బలంతో అణిచాడు. కొందరు బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారు." అయిదో తరగతి పిల్లోడు తలెత్తకుండా చదివే ఎత్తులో బిగించండి.