షట్‌డౌన్‌కి ముందే పాస్‌వర్డ్‌ల సంగతి తేల్చుకోండి

షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంట్ ఆపే రోజులు) దగ్గర పడుతోందంటే ప్లాంట్లో అందరి ధ్యాసా స్పేర్ల మీద, పర్మిట్ల మీద, క్రేన్ ఎప్పుడొస్తుందన్న దాని మీదే ఉంటుంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసన్నది ఎవరూ పట్టించుకోరు. ఏడాదిలో ఆ పాస్‌వర్డ్ ఎక్కువ చేతులు మారేది మాత్రం ఈ కొద్ది రోజుల్లోనే. వెండర్ ఇంజనీర్ వస్తాడు, లూప్ చెకింగ్‌కి, అంటే సెన్సర్ నుంచి వాల్వ్ దాకా సిగ్నల్ సరిగా వెళ్తోందో చూడటానికి, కాంట్రాక్టు కుర్రాళ్లు దిగుతారు. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది: "సార్, వాల్వ్ పూర్తిగా తెరుచుకుని మూసుకుంటోందో చూడాలి, ఇంజనీర్ లాగిన్ కాస్త చెప్పండి." నిద్రమత్తులో చెప్పేస్తారు. తెల్లారేసరికి అది మార్కర్‌తో మానిటర్ అంచున ఉంటుంది.

పాస్‌వర్డ్ ఎంత పొడుగ్గా ఉందన్నది తర్వాత. ముందు ఏ స్థాయివాళ్లు ఏం చేయగలరో చూడండి. చాలా ప్లాంట్లలో ఆపరేటర్, సూపర్‌వైజర్, ఇంజనీర్, అడ్మిన్ అని నాలుగు మెట్లుంటాయి. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. చిక్కల్లా ఆపరేటర్ మెట్టు మరీ ఇరుగ్గా ఉండటంతోనే. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్ టెంపరేచర్‌ని అదుపు చేసే లూప్‌ని ఆటో నుంచి మాన్యువల్‌లోకి తేవడానికి కూడా ఇంజనీర్ లాగిన్ కావాలంటే, రాత్రి షిఫ్ట్‌వాళ్లు ఆ పాస్‌వర్డ్ ఎలాగోలా సంపాదిస్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, బ్యాచ్ ఆగిపోతుంటే ఎవరైనా చేసేది అదే. ఆ పనేదో ఆపరేటర్‌కే ఇచ్చి, సెట్ పాయింట్‌కి (ఎంత ఉండాలో మనం ఇచ్చే అంకెకి) హద్దులు పెట్టండి. ఉదాహరణకి, 50 నుంచి 65 డిగ్రీల మధ్య తనే మార్చుకోవచ్చు, అది దాటితే సూపర్‌వైజర్ లాగిన్ అడగాలి. ఇంటర్‌లాక్ బైపాస్ (ప్రమాదంలో దానంతటదే ఆపే రక్షణను పక్కన పెట్టడం), ఫోర్స్ (సిగ్నల్‌ని చేత్తో ఒక విలువ దగ్గర బిగించడం), లాజిక్ (కంట్రోలర్ ప్రోగ్రామ్) మార్పు మాత్రం ఇంజనీర్ దగ్గరే ఉండాలి. ఎవరు ఎక్కడ ఇరుక్కుంటున్నారో తెలియాలంటే రాత్రి షిఫ్ట్ ప్యానెల్ ఆపరేటర్లనే అడగండి. జనరల్ షిఫ్ట్‌లో కూర్చున్నవాళ్లకి అది తెలియదు.

ఐటీ డిపార్ట్‌మెంట్ ఒక మాట అంటుంది: పది నిమిషాలకోసారి స్క్రీన్ లాక్ చేయండి, మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ ఆపేయండి. ఆఫీసు కంప్యూటర్లకి అది సబబే, ఆపరేటర్ స్టేషన్‌కి వద్దు. ప్రెషర్ పెరిగిపోతూ అలారాలు మోగుతుంటే ఆ టెన్షన్‌లో ఎవరూ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టలేరు. పంపు ఆపడం, అలారం చూడటం ఎప్పుడూ అందుబాటులోనే ఉండాలి, కాపలా ఏదైనా ఉంటే అది గది తలుపు దగ్గర. ఇంజనీర్ లాగిన్‌ని మాత్రం కాసేపు వాడకపోతే దానంతటదే ఆపరేటర్ స్థాయికి దిగిపోయేలా పెట్టండి.

షట్‌డౌన్‌లో కొత్త డ్రైవ్‌లు (మోటార్ వేగం మార్చే పరికరాలు), టచ్ ప్యానెళ్లు బిగిస్తారు. అవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే వస్తాయి. 2023 నవంబర్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, అలిక్విప్పాలో నీటి సరఫరా సంస్థ బూస్టర్ స్టేషన్‌లో (నీటి ఒత్తిడి పెంచే పంపుల చోట) ఉన్న యూనిట్రానిక్స్ కంపెనీ పీఎల్‌సీలోకి, అంటే యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్‌లోకి, దుండగులు చొరబడ్డారు. ఆ రకం పీఎల్‌సీలకు అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ 1111. పైగా ఇలాంటివి నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించి ఉంటున్నాయి. అలిక్విప్పాలో స్టేషన్‌ని మాన్యువల్‌కి మార్చి నడుపుకున్నారు.

కొన్ని కంట్రోలర్లకు పాస్‌వర్డ్‌తో పాటు ముందువైపు తాళం చెవి కూడా ఉంటుంది. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైటన్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్), ప్రమాదం వస్తే ప్లాంట్‌ని ఆపే ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్లలోకి దిగింది. చెవి ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉండటం దానికి దారిచ్చింది. లాజిక్ డౌన్‌లోడ్ అవగానే చెవిని రన్‌కి తిప్పి, తీసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దగ్గర పెట్టి లాగ్ బుక్‌లో రాయండి. రేపు మళ్లీ పనుంది కదా అని వదిలేయకండి.

పాస్‌వర్డ్ మార్చేముందు బ్యాకప్ తీయండి, తీసినది తెరుచుకుంటోందో లేదో వేరే ల్యాప్‌టాప్‌లో చూడండి. సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలో పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాళీ మెమరీ కార్డుతో తీసేయొచ్చు, కాకపోతే దాంతో పాటు ప్రోగ్రామ్ కూడా పోతుంది. కొత్త పాస్‌వర్డ్ ఒక కాపీ సీలు వేసిన కవర్లో ప్లాంట్ హెడ్ దగ్గర ఉండాలి. వాట్సాప్ గ్రూపులో మాత్రం వద్దు.

బయటివాళ్లకు మీ లాగిన్ ఇవ్వకుండా, వాళ్ల పేరుతోనే తాత్కాలిక అకౌంట్ తెరవండి, ఆఖరి తేదీ పెట్టండి. అమెరికాలోనే కాన్సాస్ రాష్ట్రంలో ఒక గ్రామీణ నీటి సంస్థ నుంచి 2019 జనవరిలో మానేసిన ఉద్యోగి, మార్చిలో రిమోట్‌గా లాగిన్ అయి నీటి శుద్ధిని ఆపేశాడు. వెళ్లిపోయినవాళ్ల లాగిన్‌లు ఎన్ని మిగిలాయో ఈ వారమే లిస్టు తీయండి. స్టార్టప్ క్లియరెన్స్ షీట్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్ గళ్ల పక్కన ఇంకో గడి కలపండి: తాత్కాలిక అకౌంట్లు తీసేశాం, ఫోర్స్‌లు, బైపాస్‌లు సున్నా, ఇంజనీర్ పాస్‌వర్డ్ మార్చాం, రిమోట్ మోడెమ్ ఊడదీశాం. సంతకం ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానిది.

లాగ్‌ల సంగతి కూడా చూసుకోండి. మన దేశంలో సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కరెంటు తీసి మళ్లీ ఇచ్చినప్పుడు, బ్యాటరీ అయిపోయిన పాత పీఎల్‌సీలు ఎప్పటిదో తేదీ చూపిస్తాయి. అప్పుడు ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లాగ్ చూసినా తేలదు. గడియారాలు సరిచేశాకే క్లియరెన్స్ మీద సంతకం పెట్టండి.