పాలన పాఠాలు – 4: జీవో చదవడం ఎలా?

పోయిన పాఠంలో తహసీల్దారు నుంచి కలెక్టరు దాకా ఎవరి మీద ఎవరున్నారో చూశాం. ఆ మెట్ల మీద అధికారం నోటిమాటగా దిగదు, కాగితం మీద దిగుతుంది. రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చే ఆ కాగితమే జీవో, అంటే గవర్నమెంట్ ఆర్డర్, ప్రభుత్వ ఉత్తర్వు. దాని పేరు రోజూ వింటాం గానీ, మొదటి నుంచి చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. ఇవాళ ఒకటి ముందు పెట్టుకుందాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ పరిపాలన శాఖ 2005 అక్టోబరు 13న ఇచ్చిన జీవో ఎంఎస్ నంబరు 454 తీసుకున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు గురించి. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10.

ముందు నంబరు. ఎంఎస్ అంటే మాన్యుస్క్రిప్ట్ (నేను చాలాకాలం మినిస్ట్రీ అనుకున్నాను). విధానాలు, నియమాలు ఈ వరసలో వస్తాయి. ఒకరి సెలవు, ఒకరి బదిలీ లాంటివి ఆర్‌టీ, అంటే రొటీన్ వరసలో. ఎవరైనా ఆర్‌టీ జీవో చూపించి మీకూ వర్తిస్తుందంటే, అది ఎవరి పేరున ఇచ్చారో చూసుకోండి.

తరవాత అసలు ప్రశ్న: ఏ అధికారంతో ఇచ్చారు? 454కు ఆధారం సమాచార హక్కు చట్టంలోని 27వ సెక్షన్. రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేసుకోవచ్చని అది చెబుతుంది. అదే చట్టం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదంటుంది. కాబట్టి ఏ జీవో ఇచ్చినా వాళ్ల మీద ఫీజు వేయడానికి వీల్లేదు.

ఇక మామూలుగా జీవోల్లో పైభాగాన పాత ఉత్తర్వులు, లేఖల నంబర్లు, తేదీలు వరసగా ఉంటాయి. అందరూ దాటేసేది ఇక్కడే. నాకైతే ఫైలు జాతకమంతా అందులోనే కనిపిస్తుంది. కలెక్టరు లేఖ ఏ తేదీది, జీవో ఏ తేదీది? ఆ రెంటి మధ్య ఫైలు ఎన్నాళ్లు నిద్రపోయిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబ్బుతో కూడిన పనైతే ఆర్థిక శాఖ ఒప్పుకుందన్న వాక్యం, దాని నంబరు ఉన్నాయా అని కూడా వెతకండి.

చివర గవర్నరు పేరిట అని ఉంటుంది, సంతకం మాత్రం కార్యదర్శిది. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరుతోనే జరగాలి. నిర్ణయం మంత్రిదో కేబినెట్‌దో అయ్యుంటుంది. సంతకం పెట్టినాయన మర్నాడే బదిలీ అయినా జీవో చెల్లుతుంది.

సంతకం కింద ప్రతులు ఎవరెవరికి పంపారో ఉంటుంది. దీన్ని చిన్నచూపు చూడకండి. ఒక పెన్షన్ పనిమీద ఓ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "మాకు జీవో రాలేదండీ." ఐదోసారి ప్రతుల జాబితాలో వాళ్ల ఆఫీసు పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి ముందు పెట్టాను. గుమస్తా ఏమీ అనకుండా లేచి బీరువా తెరిచాడు.

ఈ వారం మీకు సంబంధించిన జీవో ఒకటి సంపాదించండి. ఏ వరసది, ఏ చట్టం కింద వచ్చింది, మొదటి లేఖకూ జీవోకూ మధ్య ఎన్ని రోజులు, ప్రతులు ఎవరికి వెళ్లాయి అన్నవి నోటుబుక్కులో రాసుకోండి. అదే జీవో జిల్లాకు చేరాక ప్రొసీడింగ్స్‌గా ఎలా మారుతుందో వచ్చే పాఠంలో చూద్దాం.