ఎయిర్‌బ్రష్ నీళ్లు కక్కుతోందా? విశాఖ ఉక్కపోతలో గాలి సరఫరా సరిచేసుకునే పద్ధతి

ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పనిముట్టు. రంగు సరిగ్గా పడకపోతే మనం ముందు అనుమానించేది బ్రష్‌నే. తప్పు మాత్రం చాలాసార్లు దాని వెనకున్న గాలిలో ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే మామూలు ఎయిర్‌బ్రష్ కొనండి. మిగిలినది 3 లీటర్ల ట్యాంకు ఉన్న చిన్న కంప్రెసర్ మీద, గాలి ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్, గాలిలోని నీటిని పట్టి ఉంచే వాటర్ ట్రాప్ మీద పెట్టండి.

సమస్య: రంగు మధ్యలో నీటి చుక్కలు

మన ఊళ్లో అన్నిటికన్నా పెద్ద బెడద ఇదే. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి నమూనాకి నల్లరంగు కొడుతున్నారనుకోండి. పొట్ట భాగం నున్నగా వస్తుంటే ఉన్నట్టుండి ఒక చుక్క పడి, దాని చుట్టూ రంగు చెదిరిపోతుంది. ట్రాప్ గిన్నె చూస్తే పొడిగానే ఉంటుంది!

కారణం: ట్యాంకు గేజిలో పీడనం 4 బార్‌కి (బార్ అంటే పీడనానికి ఒక కొలత) చేరేసరికి గాలి దాదాపు ఐదో వంతు చోటులోకి ఇరుకుతుంది. అంత చోటులో సముద్రపు తేమంతా ఆవిరిగా ఇమడలేదు. అయితే పంపు నుంచి వచ్చేటప్పుడు గాలి వేడిగా ఉంటుంది కాబట్టి, మిగిలిన తేమ ఆవిరిగానే ట్రాప్ దాటిపోయి, గొట్టంలో చల్లారాక నీరవుతుంది.

పరిష్కారం: కంప్రెసర్‌కే బిగించి వచ్చిన ట్రాప్‌తో సరిపెట్టుకోకండి. మూడు మీటర్ల గొట్టం తర్వాత, గాలి చల్లారే చోట, గోడకి ఇంకొకటి నిలువుగా బిగించండి. గొట్టం ట్రాప్ వైపు వాలుగా ఉండాలి, మధ్యలో వేలాడితే ఆ వంపులో నీరు నిలుస్తుంది. బ్రష్ పిడి కింద బిగించే చిన్న ట్రాప్ కూడా దొరుకుతుంది, వానాకాలంలో అది తప్పనిసరి అంటాను. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర విప్పి నీరు వదిలేయండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. ఇంట్లో ఏసీ గది ఉంటే కంప్రెసర్‌ని అందులోనే పెట్టండి. పీల్చే గాలే పొడిగా ఉంటే సగం గొడవ తీరినట్టే.

సమస్య: గీత దడదడలాడుతూ పడుతోంది

ట్యాంకు లేని పంపు, టైర్లకి గాలి కొట్టే పంపు రెండూ గాలిని విడతలు విడతలుగా తోస్తాయి. మధ్యలో ట్యాంకు చేర్చడమే అసలు మందు. అప్పటిదాకా పొడవాటి గొట్టం వాడితే కొంత నయం.

సమస్య: ట్రిగ్గర్ నొక్కగానే గేజి ముల్లు పడిపోతోంది

ట్రిగ్గర్ వదిలేసి 20 పీఎస్ఐ (ఇదీ పీడనం కొలతే) పెట్టుకుంటే, నొక్కాక అంతకన్నా తక్కువే వస్తుంది. గాలి పోతుండగానే రెగ్యులేటర్ తిప్పి సరిచూసుకోండి. సన్నటి పనికి 15, వెడల్పు పూతకి 25 చాలు. అయినా పడిపోతుంటే బిగింపుల దగ్గర సబ్బు నురగ రాయండి, బుడగ లేచిన చోట లీకు ఉన్నట్టు. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. ఎయిర్‌బ్రష్ గొట్టాలు చాలావరకు 1/8 అంగుళం మరతో వస్తాయి, కంప్రెసర్ నోరు 1/4 అయితే అడాప్టర్ కావాలి. బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది.

బ్రష్ మీద రంగు పోసే కప్పులో బుడగలు వస్తే గాలి సరఫరాని అనుమానించక్కర్లేదు, రంగు బయటికి వచ్చే నాజిల్ దగ్గర చూడండి.

సమస్య: రంగులో చేపకళ్లలా గుంటలు

ఇది నూనె పని. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఏర్పాటు చేసుకున్నవాళ్లకి ఎక్కువగా ఎదురవుతుంది. దాని చప్పుడు తక్కువ, కానీ గాలితో పాటు నూనె తుంపర పంపుతుంది. తెల్లకాగితం మీదకి కాసేపు గాలి వదిలితే మరక కనబడుతుంది. నూనె ఆపే ఫిల్టర్ వేయాలి.

అదే కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలవకుండా మూలిగితే, పంపుకీ, ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌కీ మధ్య గాలి ఇరుక్కుంది. వెంటనే కరెంటు తీసేసి ఆ గాలి వదలండి. ఆగినప్పుడల్లా దానంతట అదే వదిలేలా అన్‌లోడర్ వాల్వ్ పెట్టిస్తే మేలు.

ఖర్చు తగ్గుతుందని పాత గ్యాస్ సిలిండర్‌నో పీవీసీ పైపునో ట్యాంకుగా వాడొద్దు. గాలి ఒత్తిడికి పీవీసీ పగిలితే ముక్కలై ఎగురుతుంది. గాలికోసమే తయారైన ట్యాంకు తీసుకుని, దానికి ఒత్తిడి హద్దు దాటితే గాలి వదిలే సేఫ్టీ వాల్వ్ ఉందో లేదో చూసి, దాని రింగు లాగితే ఇరుక్కోకుండా కదులుతోందని రూఢి చేసుకున్నాకే కంప్రెసర్‌కి కలపండి.