పాత మియాటాతో మెకానిక్ పని – 5వ పాఠం: బ్యాటరీ దీపం వెలిగితే

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. రాత్రంతా బండి కదపకుండా ఉంచి, పొద్దున తాళం తిప్పకముందే బ్యాటరీ వోల్టేజీ రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం తీయండి. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. అప్పుడు ఛార్జర్ పెట్టి నింపాకే ఈ పాఠంలోకి రండి, ఎందుకంటే ఖాళీ బ్యాటరీతో తీసిన కొలతలు ఏవీ నమ్మలేం.

మన బండి తెలిసిందే, మొదటి తరం మాజ్డా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనానికి చూపించిన రెండు సీట్ల బండి. దీని డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్‌కి ముల్లు పెట్టారు గానీ వోల్టేజీకి పెట్టలేదు. అందుకే ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ నీరసపడితే ఆ కబురు ముందుగా హెడ్‌లైట్లే చెబుతాయి. లైట్ల వెలుగు సంగతి తర్వాత. బానెట్‌లో దాక్కుని, స్విచ్ వేస్తే పైకి లేచే లైట్లివి, ముందు ఆ లేచే తీరు చూడండి. టక్కున లేవాల్సినవి మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన కుర్చీలోంచి లేచినట్టు లేస్తుంటే, మీటరు బయటికి తీయాల్సిందే.

మన ఊళ్ళ మెకానిక్కులు ఆల్టర్నేటర్‌ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. సైకిల్ డైనమోలో తిరిగేది అయస్కాంతం. ఆల్టర్నేటర్‌లో తిరిగేది తీగచుట్ట. రెండు కార్బన్ బ్రష్‌ల ద్వారా దానికి కొంచెం కరెంటు అందితేనే అది అయస్కాంతం అవుతుంది. ఎంత కరెంటు ఇవ్వాలో రెగ్యులేటర్ చూసుకుంటుంది. చుట్టూ కదలకుండా ఉన్న మూడు చుట్టల్లో ఏసీ పుడుతుంది, దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి. బ్రష్‌లు అరిగితే ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. రెగ్యులేటర్ పాడైతే వోల్టేజీ మరీ ఎక్కువో మరీ తక్కువో అవుతుంది. డయోడ్ పోతే లైట్లు మినుకుమంటాయి. బేరింగ్ పోతే చెవికే తెలుస్తుంది.

ముందు బెల్టు చూడండి. ఈ ఇంజన్‌లో ఆల్టర్నేటర్‌ని, వాటర్ పంప్‌ని ఒకే బెల్టు తిప్పుతుంది. దారిలో బ్యాటరీ దీపం వెలిగి, దాంతోపాటే వేడి ముల్లు కూడా పైకెక్కుతుంటే బెల్టు తెగిందని అర్థం. ఇల్లు చేరాలని చూడకండి, అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి. తర్వాత దీపం సంగతి. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బ్యాటరీ దీపం వెలగాలి. వెలగలేదంటే ఆల్టర్నేటర్‌ని తిట్టకముందు బల్బూ, ఆల్టర్నేటర్ వెనకున్న చిన్న ప్లగ్గూ చూడండి.

ఇక కొలతలు. మియాటా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా దాని మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి ఎవరిచేతైనా 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టించండి. అప్పుడు కూడా 13.5 కిందికి పడకూడదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. 12.3 దగ్గర ఉండి మెల్లగా దిగుతూంటే ఛార్జింగ్ లేదు. అయినా తప్పు ఆల్టర్నేటర్‌దేనని అప్పుడే తీర్పు ఇవ్వకండి.

ఆ తొందరకు నేను ఒకసారి మూల్యం చెల్లించాను. బ్యాటరీ దగ్గర 13 కూడా రావడంలేదని చూసి, వేరే ఆలోచన లేకుండా కొత్త ఆల్టర్నేటర్ కొని బిగించాను. ఫలితం మాత్రం మారలేదు. డిక్కీలో బ్యాటరీ ఎర్త్ తీగ బాడీకి కలిసే బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్దితే అయిపోయే పనికి ఒక శనివారం, నెలాఖరు డబ్బులు రెండూ పోయాయి.

డిక్కీలో బ్యాటరీ, ముందు ఆల్టర్నేటర్, మధ్యలో బండి పొడవునా తీగ. అందుకని రెండు చోట్లా కొలవాలి. లైట్లు వేసే ఉంచి, ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన నట్టు మీద మీటరు ఎర్ర పుల్ల, ఆల్టర్నేటర్ ఒంటి మీద నల్ల పుల్ల పెట్టండి. ముందు 14.3 చూపించి, డిక్కీలో 13.4 చూపిస్తే, మిగతా 0.9 దారిలో కారిపోతోంది. ఎక్కడ? ఆల్టర్నేటర్ ఒంటికీ బండి బాడీకీ మధ్య ఒకసారి, బ్యాటరీ మైనస్‌కీ డిక్కీ బాడీకీ మధ్య ఒకసారి కొలవండి. ఎక్కడైనా 0.2 దాటితే అక్కడి ఎర్త్ విప్పి శుభ్రం చేయండి. రెండూ బాగుంటే నష్టం ప్లస్ తీగలోనో, మెయిన్ ఫ్యూజు దగ్గరి బిగింపులోనో ఉంది.

చివరిగా డయోడ్లు. మీటరును ఏసీకి తిప్పి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టు. కొన్ని చవక మీటర్లు ఏసీలో పెట్టినా డీసీని కలిపి చూపిస్తాయి. కాబట్టి ముందు ఇంజన్ ఆపి చూడండి. అప్పుడు సున్నా రాకపోతే ఆ మీటరు ఈ పనికి పనికిరాదు.

ఒక పాత అలవాటు మాత్రం వద్దు. నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ తీగ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదనడం ట్రాక్టర్ల రోజుల పద్ధతి. ఇక్కడ అలా చేస్తే ఒక్కసారిగా లేచే వోల్టేజీకి డయోడ్లూ, బండి కంప్యూటరూ కాలిపోవచ్చు.

ఆల్టర్నేటర్ దగ్గరే 13.5 కూడా రావడంలేదు, బెల్టు బాగానే ఉంది, చిన్న ప్లగ్గూ బాగానే ఉంది అని తేలితే ఇక మార్చడమే. మొదట డిక్కీలో మైనస్ తీగ తీసేయండి. ఆల్టర్నేటర్ మీది లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా జారి ఇంజన్‌కి తగిలితే నిప్పులే. జాకీతో ఎత్తాక స్టాండ్ల మీద నిలిపి, ముందు కింది ప్లాస్టిక్ రేకు విప్పండి. ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల గుంపు, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, దాని కింద ఆల్టర్నేటర్ కనిపిస్తుంది. ప్లగ్గు, లావు తీగ తీసి, పై బిగింపు బోల్టు, కింది పొడవు బోల్టు వదులు చేసి, సర్దే బోల్టు తిప్పితే బెల్టు జారుతుంది. ఆ తర్వాత రెండు బోల్టులూ లాగేయడమే. కొత్తది కింది బ్రాకెట్‌లో పట్టకపోతే సుత్తి తీసుకుని మీద పడకండి. దాని చెవిలో ఉండే లోహపు గొట్టాన్ని మెల్లగా వెనక్కి తడితే సందు వస్తుంది.

బెల్టు పాతదైతే అది కూడా మార్చేయండి. వారం తిరిగాక మళ్ళీ బిగువు చూడండి, కొత్త బెల్టు సాగుతుంది. స్టార్ట్ చేసేముందు బ్యాటరీని ఛార్జర్‌తో నింపండి. ఖాళీ బ్యాటరీని నింపే బరువు మొదటిరోజే కొత్త ఆల్టర్నేటర్ మీద వేయకూడదు.

ఈ వారం పని: ఆల్టర్నేటర్ బాగున్నా పాడైనా, ఆ రెండు ఎర్త్ కొలతలూ తీసి రాసిపెట్టుకోండి. అమెరికాలో పాత ఆల్టర్నేటర్ తిరిగి ఇస్తే, కొత్తది కొన్నప్పుడు కట్టించుకున్న డిపాజిట్ షాపువాళ్ళు వెనక్కిస్తారు. నేను అనవసరంగా మార్చిన ఆల్టర్నేటర్‌ని మాత్రం ఆ డిపాజిట్ వదులుకుని ఉంచుకున్నాను, ఇప్పటికీ షెల్ఫ్ మీద ఉంది. వచ్చే పాఠంలో దాన్నే విప్పి, బ్రష్‌లు ఎంత అరిగాయో చూద్దాం.