ఐ–వీ కర్వులు తీయబోయే ముందు: ఎండాకాలం ల్యాబ్ జాగ్రత్తలు

ఐ–వీ కర్వు అంటే వోల్టేజీ మారుస్తూ పోతే కరెంటు ఎలా మారుతుందో చూపే గీత. మా ల్యాబ్‌లో డివైజులు, అంటే కొలవబోయే ట్రాన్సిస్టర్లూ డయోడ్లూ, ఎక్కువగా చచ్చిపోయేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. అప్పటికి ప్రాజెక్టు సబ్మిషన్లు నెత్తి మీదికొచ్చి అందరికీ తొందర. హైదరాబాద్ గాలి పొడిబారిపోయి, ఏసీ గదిలో కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం పట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. అది చాలదన్నట్టు కరెంటు కోతలు. సరిగ్గా ఈ రోజుల్లోనే, ఎప్పుడూ సెమీకండక్టర్ కొలతలు చేయని పిల్లలు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. స్క్రీన్ మీద కనిపించేవన్నీ గ్రాఫులూ గళ్లే కాబట్టి ఎక్సెల్ షీటు నింపుతున్నట్టే ఉంటుంది. కానీ మీరు ఆ గడిలో 20 అని కొడితే, కేబుల్ అవతల ఉన్న ట్రాన్సిస్టర్ మీద నిజంగానే 20 వోల్టులు పడతాయి.

ముందు పెట్టె సంగతి. వోల్టేజీ ఇస్తూ కరెంటు కొలిచేది, లేదా కరెంటు ఇస్తూ వోల్టేజీ కొలిచేది సోర్స్ మెజర్ యూనిట్. మేం ఎస్ఎంయూ అంటాం. చాలా కాలేజీల్లో కనిపించే కీత్‌లీ 2400 లాంటి చిన్న పెట్టె కూడా 200 వోల్టుల దాకా ఇవ్వగలదు. దాన్ని నడిపేది కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కావచ్చు, మీరు రాసుకున్న పైథాన్ స్క్రిప్టు కావచ్చు. అవతలి చివర రూపాయి డయోడ్ ఉందా, మీరు ఆర్నెల్లు కష్టపడి చేసుకున్న శాంపిల్ ఉందా అన్నది రెండింటికీ తెలియదు.

అందుకే అన్నిటికన్నా ముందు నింపాల్సిన గడి కంప్లయన్స్. వోల్టేజీ ఇస్తున్నప్పుడు కరెంటు ఎంతకు మించి పోకూడదో చెప్పే హద్దు అది. స్వీప్ (వోల్టేజీని మెట్టుమెట్టుగా మారుస్తూ పోవడం) ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, స్టెప్ ఎంత అన్నవన్నీ దాని తర్వాతే. మా దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, ముందు వాడినవాళ్ల సెట్టింగ్ ఫైలు తెరిచి పేరు మార్చి రన్ నొక్కడం. వాళ్లు పవర్ మాస్‌ఫెట్ (పెద్ద కరెంటులు తట్టుకునే ట్రాన్సిస్టర్) కోసం 1 ఆంపియర్ పెట్టుకుని ఉంటారు. మీరు అదే ఫైలుతో చిన్న సిగ్నల్ డయోడ్‌ని ఫార్వర్డ్‌లో, అంటే కరెంటు సులువుగా పారే దిశలో, నడిపితే ఇంక చెప్పేదేముంది, వాసన వస్తుంది.

హద్దు ఎంత పెట్టాలో డేటాషీటు చెబుతుంది, అయితే దాన్ని పూర్తిగా చదవాలి. ప్రాక్టికల్స్‌లో వాడే 2ఎన్7000 మాస్‌ఫెట్ తీసుకోండి. డ్రెయిన్ (కరెంటు లోపలికొచ్చే కాలు) మీద 60 వోల్టులు, కరెంటు 200 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. రెండూ ఒకేసారి ఇవ్వొచ్చని దాని అర్థం కాదు. 10 వోల్టుల దగ్గర 100 మిల్లీ ఆంపియర్లు పారితే 1 వాట్ వేడి. ఆ చిన్న నల్ల ప్యాకేజీ తట్టుకునేది సుమారు 400 మిల్లీవాట్లే. కాబట్టి స్వీప్‌లో మీరు ఇవ్వబోయే అత్యధిక వోల్టేజీతో పవర్ హద్దుని భాగించండి. 10 వోల్టుల దాకా వెళ్తే 40 మిల్లీ ఆంపియర్లు. అంచుకు పోకుండా 30 పెట్టుకోండి.

గేట్ (ఆ కరెంటుని అదుపు చేసే కాలు) లెక్క వేరు. గేట్‌లోకి కరెంటు దాదాపు పోకూడదు కనుక అక్కడ కంప్లయన్స్ 1 మైక్రో ఆంపియర్ పెట్టినా ఎక్కువే. మీరే వేఫర్ (సిలికాన్ పలక) మీద చేసుకున్న డివైజ్ అయితే డేటాషీటు ఉండదు, అప్పుడు గేట్ కింద కరెంటుని అడ్డుకునే ఆక్సైడ్ పొర మందం చూడాలి. మంచి సిలికాన్ డయాక్సైడ్ కూడా సెంటీమీటరుకు సుమారు 10 మెగావోల్టుల దగ్గర పగిలిపోతుంది, అంటే నానోమీటరుకు 1 వోల్టు. 10 నానోమీటర్ల ఆక్సైడ్ మీద 10 వోల్టుల స్వీప్ పెట్టడమంటే దాన్ని చంపడానికి కొలత పెట్టినట్టే. 4 వోల్టులతో మొదలెట్టి, గేట్ కరెంటు చూస్తూ పెంచుకోండి.

ఇంకో మాట, కంప్లయన్స్ రెప్పపాటులో పనిచేయదు. ఎస్ఎంయూ తేరుకుని ఆపేలోపు కేబుల్‌లో నిల్వ ఉన్న ఛార్జి డివైజ్‌లోకి పోతుంది. మెమ్‌రిస్టర్లు (పారిన కరెంటుని బట్టి రెసిస్టెన్స్ మారే డివైజులు) చేసేవాళ్లకి ఇది బాగా అనుభవం. సాఫ్ట్‌వేర్‌లో 100 మైక్రో ఆంపియర్లు పెట్టామనుకుంటారు, లోపల క్షణకాలం అంతకు ఎన్నో రెట్లు పారి ఉంటుంది. డివైజ్‌కి దగ్గరగా సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టడం మేలు.

కంప్లయన్స్ తక్కువ పెడితే డివైజ్ బతుకుతుంది, మీరు మోసపోతారు. పోయినేడాది ఒక తమ్ముడు పరుగున వచ్చి "అన్నా, సాచురేషన్ ఎంత ఫ్లాట్‌గా వచ్చిందో చూడు" అన్నాడు. చూశాను. మూడు గేట్ వోల్టేజీలకి మూడు గీతలు, మూడూ పైకెక్కి ఒకే చోట అతుక్కుపోయాయి, సరిగ్గా 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర. సాచురేషన్ కరెంటు, అంటే డ్రెయిన్ వోల్టేజీ పెంచినా ఇక పెద్దగా పెరగని కరెంటు, గేట్ వోల్టేజీ మారితే మారాలి కదా. అతను చూసింది ట్రాన్సిస్టర్‌ని కాదు, తాను పెట్టిన హద్దుని. పాపం, రిపోర్టులో ఫిగర్ కూడా పెట్టేశాడు. డేటాలో స్టేటస్ కాలమ్ వస్తే దాన్ని డిలీట్ చేయకండి, కంప్లయన్స్ తగిలిన పాయింట్లు అక్కడ తెలుస్తాయి. మీటర్ కొలిచే రేంజ్‌ని చేత్తో ఫిక్స్ చేసినా ఇలాంటి గోడే తగులుతుంది.

ఇప్పుడు నా సొంత తప్పు. ఒక సాయంత్రం డయోడ్ లీకేజీ (రివర్స్‌లో, అంటే ఎదురు దిశలో, కారే చిన్న కరెంటు) కొలవడానికి పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. రివర్స్‌లో 60 వోల్టుల దాకా, ఒక్కో పాయింటు దగ్గర ఆగి కొలుస్తూ పోవాలి, మొత్తం ఒక నిమిషం. పైథాన్‌ని మీటర్‌తో మాట్లాడించే పైవీసా లైబ్రరీలో మనం మార్చకపోతే టైమౌట్ (జవాబు కోసం ఎదురుచూసే గడువు) 2 సెకన్లు. జవాబు రాలేదని రెండో సెకనుకే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. విసుగొచ్చి టీకి వెళ్లాను. ప్రోగ్రాం ఆగింది గానీ మీటర్ ఆగలేదు. దానికి అందిన ఆదేశం ప్రకారం స్వీప్ పూర్తి చేసి, 60 వోల్టుల దగ్గర అవుట్‌పుట్ ఆన్‌లోనే పెట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చి, తప్పు స్క్రిప్టుదా శాంపిల్‌దా అని అనుమానమొచ్చి, వేరే శాంపిల్ పెట్టి, దానికి కరెంటు అందించే ప్రోబ్ సూది దించాను. అది తట్టుకునేది 20 వోల్టులు.

ఆ రోజు నుంచి నా ప్రతి స్క్రిప్టులో వోల్టేజీ సున్నా చేసి అవుట్‌పుట్ ఆఫ్ చేసే రెండు లైన్లు ఫైనల్లీ బ్లాకులో ఉంటాయి, మధ్యలో ఏ ఎర్రర్ వచ్చినా అవి నడుస్తాయి. టైమౌట్‌ని స్వీప్ సమయం కంటే ఎక్కువ పెడతాను. అయినా ఫైనల్లీని కూడా పూర్తిగా నమ్మకండి. విండోస్ అప్‌డేట్ కోసం పీసీ రీస్టార్ట్ అయినా, కరెంటు పోయినప్పుడు పీసీ ఆరిపోయి ఎస్ఎంయూ ఒక్కటే యూపీఎస్ మీద బతికున్నా, మళ్లీ అదే కథ, చివర ఇచ్చిన వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. రెండింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టండి, కొలతల రోజున అప్‌డేట్‌లు ఆపండి. ఎస్ఎంయూ ముందున్న అవుట్‌పుట్ బటన్ చేతికి అందేలా కూర్చోండి. సూది ఎత్తే ముందు, దించే ముందు స్క్రీన్ కాదు, ఆ బటన్ లైటు చూడాలి.

స్టాటిక్ గురించి అందరూ విన్నదే, ఎవరూ పట్టించుకోనిదే. మన ఒంటికి చురుక్కుమని తెలియాలంటేనే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అంతకు తక్కువైతే మనకు తెలియనే తెలియదు, గేట్ ఆక్సైడ్ మాత్రం పోతుంది. వైజాగ్‌లో సముద్రపు తేమ ఉంటుంది కాబట్టి కాస్త నయం, హైదరాబాద్‌లో వానలు పడేదాకా రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుని ఎర్త్‌కి కలిపే పట్టీ) లేకుండా శాంపిల్ ముట్టుకోకండి. గోడకున్న స్విచ్‌బోర్డు స్క్రూకి చుట్టిన తీగ ఎర్త్ అవుతుందని అనుకోకండి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ ఒకసారి చూపించుకోండి. అయితే ఒక మెలిక ఉంది. వందల వోల్టుల కొలతలప్పుడు ఆ స్ట్రాప్ తీసేయాలి. ఒళ్లు ఎర్త్‌కి కట్టి ఉన్నప్పుడు హై వోల్టేజీ తగిలితే కరెంటు పోవడానికి దారి మనమే వేసిచ్చినట్టు.

హై వోల్టేజీ అన్నాను కాబట్టి: సుమారు 40 వోల్టులు దాటాలంటే కొన్ని ఎస్ఎంయూలు ఇంటర్‌లాక్ (మూతకి ఉండే భద్రతా స్విచ్) మూసి ఉందో లేదో చూస్తాయి, ప్రోబ్ స్టేషన్ (శాంపిల్ మీద సూదులు దించే పెట్టె) మూత తెరిస్తే వోల్టేజీని ఆపేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఇంటర్‌లాక్ ఎర్రర్ చూపిస్తుంటే కనెక్టర్‌లో వైరు ముక్క దోపి షార్ట్ చేసే మహానుభావులు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. ఆ వైరు కనిపిస్తే పీకేయండి, పీకినందుకు ఎవరు తిట్టినా సరే. ట్రయాక్స్ కేబుల్‌లో నడి తీగ చుట్టూ రెండు షీల్డులుంటాయి. వాటిలో లోపలి షీల్డు, అంటే గార్డ్, గ్రౌండ్ కాదు. నడి తీగ మీద ఎన్ని వోల్టులుంటే దాని మీదా అన్నే ఉంటాయి.

మిగతావి చిన్నవే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెట్టింగ్‌లో లైన్ ఫ్రీక్వెన్సీ 60 ఉంటే మార్చండి, లేదంటే చిన్న కరెంటులన్నీ వణుకుతాయి. మైక్రోస్కోపు లైటు ఆర్పండి, సిలికాన్‌కి వెలుతురు తగిలినా కరెంటే. కీత్‌లీ 2400 అయితే గంట ముందే ఆన్ చేయండి. ఫోర్ వైర్ మోడ్ ఎంచుకుంటే సెన్స్ తీగలు (వోల్టేజీ కొలవడానికే ఉండే వేరే రెండు తీగలు) నిజంగా తగిలించారో లేదో చూడండి.

శాంపిల్ పెట్టే ముందు, దాని స్థానంలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి అదే ఫైలు, అదే హద్దులతో ఒకసారి నడపండి. 1 వోల్టు దగ్గర 100 మైక్రో ఆంపియర్లు రావాలి, గీత తిన్నగా ఉండాలి, అయిపోయాక అవుట్‌పుట్ లైటు ఆరాలి. బెంగళూరు ఐఐఎస్సీలోనో, ఐఐటీ బాంబేలోనో స్లాట్ దొరికి రెండే శాంపిళ్లు పట్టుకుని రైలెక్కేవాళ్లు ఆ రెసిస్టర్‌ని కూడా జేబులో వేసుకుని వెళ్లండి. దాంతోపాటు ప్రతి టెర్మినల్‌కి గరిష్ట వోల్టేజీ, గరిష్ట కరెంటు రాసిన కాగితం ఉంటే, అక్కడి మెషీన్ చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు మీ చేతిలో ఉంటుంది.