యూనివర్సల్ రిమోట్ ఎంపిక, నాలుగవ పాఠం: ఆన్‌కు ఒక కోడ్, ఆఫ్‌కు ఒక కోడ్

టీవీ, ఏవీ రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె), డిస్క్ ప్లేయర్ మూడింటి పవర్ కోడ్‌లను వరుసగా పేర్చి, ‘సినిమా’ అనే ఒక్క బటన్ కింద మాక్రోగా భద్రపరచమని గత పాఠం చివర అభ్యాసం ఇచ్చాను. చేసి చూసినవారిలో ఎక్కువమంది రాసినది ఒకే అనుభవం: మొదటి రోజు అన్నీ చక్కగా వెలిగాయి, రెండో రోజో మూడో రోజో టీవీ వెలిగి రిసీవర్ ఆరిపోయింది, మళ్లీ నొక్కితే రిసీవర్ వెలిగి టీవీ ఆరిపోయింది. కొందరు రిమోట్ చెడిపోయిందనుకుని దాన్ని కొన్నచోటే తిరిగి ఇచ్చివేశారు. ఆ రిమోట్‌లలో ఏ లోపమూ లేదు. పవర్ కోడ్ స్వభావం ఏమిటో చెప్పకుండానే మీచేత మాక్రో కట్టించాను కనుక తప్పు నా పాఠక్రమానిది. ఈసారి చెప్పదలచుకున్న బటన్ల అమరిక, తెర గల నమూనాల సంగతి కొంత కుదించి, ముందుగా ఈ చిక్కును విప్పుతాను. ఏ రిమోట్ కొనాలన్న నిర్ణయం నిజానికి దీని మీదనే ఆధారపడి ఉంది.

పరికరంతో వచ్చిన రిమోట్ మీద సాధారణంగా ఒకే పవర్ బటన్ ఉంటుంది. అది పంపే కోడ్ ‘వెలుగు’ అనీ చెప్పదు, ‘ఆరిపో’ అనీ చెప్పదు. ‘ఇప్పుడున్న స్థితిని తిరగవెయ్యి’ అని మాత్రమే చెబుతుంది. దీన్ని టాగుల్ కోడ్ అంటారు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ పంపడమే తప్ప వినదు కాబట్టి, పరికరం ఆ క్షణాన వెలిగి ఉందో ఆరి ఉందో దానికి తెలిసే మార్గం లేదు. చేతిలో ఒక్క పరికరమే ఉన్నప్పుడు మన కళ్లే ఆ లోటును పూరిస్తాయి: తెర నల్లగా ఉంటే నొక్కుతాము, బొమ్మ కనిపిస్తుంటే ఊరుకుంటాము. మాక్రోకు కళ్లు లేవు. అది మూడు పరికరాల స్థితినీ గుడ్డిగా తిరగవేస్తుంది.

‘తప్పితే మళ్లీ ఒకసారి నొక్కితే సరిపోతుంది కదా’ అని చాలామంది రాశారు. సరిపోదు, ఎందుకు సరిపోదో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. ఇంట్లో ఎవరో పాటలు వినడానికి రిసీవర్ ఒక్కటే వెలిగించి ఉంచారనుకుందాం. టీవీ ఆఫ్, రిసీవర్ ఆన్, ప్లేయర్ ఆఫ్. మాక్రో నొక్కగానే ఇది టీవీ ఆన్, రిసీవర్ ఆఫ్, ప్లేయర్ ఆన్ అవుతుంది. రెండోసారి నొక్కితే మళ్లీ మొదటి స్థితి, మూడోసారి నొక్కితే మళ్లీ రెండో స్థితి. ప్రతి నొక్కూ మూడింటినీ ఒకేసారి తిరగవేస్తుంది కాబట్టి, మొదట వేరుగా ఉన్న ఆ ఒక్క పరికరం ఎన్నిసార్లు నొక్కినా మిగిలిన రెండింటికీ ఎదురుగానే ఉంటుంది. ఇది అదృష్టానికి, ఓపికకు సంబంధించిన విషయం కాదు. ఆ మాక్రోతో మూడూ కలిసే అవకాశమే లేదు. ఎవరో ఒకరు లేచి వెళ్లి రిసీవర్ బటన్‌ను చేత్తో నొక్కితే తప్ప అది చక్కబడదు.

స్థితి తప్పడానికి పాటలు వినేవారే ఉండనక్కరలేదు. మాక్రో నడుస్తుండగా ఎవరైనా రిమోట్‌కూ ప్లేయర్‌కూ మధ్య నడిస్తే ఒక్క కోడ్ చేరదు. నొక్కిన వెంటనే మీరే రిమోట్‌ను ఒళ్లోకి దించితే చివరి కోడ్ సోఫాకు తగులుతుంది. ప్లేయర్ కొంతసేపు పని లేకపోతే తనంతట తానే ఆరిపోతుంది. కరెంటు పోయి వస్తే కొన్ని పరికరాలు మునుపటి స్థితికి వస్తాయి, కొన్ని ఆరి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి జరిగినా లెక్క తప్పుతుంది, ఒకసారి తప్పిన లెక్క దానంతట అది సరికాదు.

దీనికి సరైన మందు డిస్క్రీట్ కోడ్, అంటే ఆన్ చేయడానికి మాత్రమే ఒక కోడ్, ఆఫ్ చేయడానికి మాత్రమే మరొక కోడ్. వెలిగి ఉన్న టీవీకి ఆన్ కోడ్ ఎన్నిసార్లు పంపినా అది వెలిగే ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. మీ అసలు రిమోట్ మీద అలాంటి బటన్ లేనంత మాత్రాన పరికరానికి ఆ కోడ్ తెలియదని అనుకోకూడదు. సోనీ టీవీలలో చాలావాటికి పవర్ బటన్ పంపేది 21వ ఆదేశం, అది టాగుల్. అదే టీవీలు 46కు వెలుగుతాయి, 47కు ఆరిపోతాయి, కానీ ఇంటి రిమోట్ మీద ఆ రెండింటికీ బటన్లు ఉండవు. ఎల్‌జీ టీవీలలో సాధారణంగా 8 టాగుల్, 196 ఆన్, 197 ఆఫ్. ఈ కోడ్‌లు పరికరంలో ఉండనే ఉన్నాయి. వాటిని పంపగల రిమోట్ మన చేతిలో ఉండాలి.

కాబట్టి పెట్టె మీద ‘15 పరికరాలకు’, ‘వేలాది బ్రాండ్లకు’ అని రాసి ఉన్నదా లేదా అన్నది నేను చూడను. నేను చూసేది, అసలు రిమోట్‌లో లేని కోడ్‌ను ఈ రిమోట్‌లోకి ఎక్కించే దారి ఉన్నదా అన్నది. ఆ దారి మూడు విధాలుగా ఉండవచ్చు. తయారీదారు కోడ్ నిధిలోనే మీ మోడల్‌కు పవర్ ఆన్, పవర్ ఆఫ్ విడివిడిగా ఉండి, వాటిని మీకు నచ్చిన బటన్‌కు కేటాయించగలగడం ఒకటి. కంప్యూటర్ ద్వారా గానీ ఫోన్ ద్వారా గానీ కోడ్‌ను అంకెల రూపంలో ఇవ్వగలగడం మరొకటి. ఫిలిప్స్ ప్రోంటో రిమోట్‌ల వల్ల వ్యాప్తిలోకి వచ్చిన హెక్స్ రూపాన్ని (0 నుంచి 9 అంకెలు, A నుంచి F అక్షరాలతో రాసేది) ఇప్పటికీ అనేక ఉపకరణాలు చదవగలవు. మూడవది, అటువంటి కోడ్ ఉన్న వేరొక రిమోట్‌ను అరువు తెచ్చుకుని దాని నుంచి నేర్పించడం. మొదటి రెండింటిలో ఒక్కటీ లేని రిమోట్‌ను, అది ఎంత అందంగా ఉన్నా, మాక్రోల కోసం కొనవద్దని నా సలహా.

నేర్చుకునే శక్తి ఉన్నది కదా, అది చాలదా అని అడిగినవారికి కూడా ఇక్కడే జవాబు. రిమోట్ మరో రిమోట్ నుంచి నేర్చుకోవడం కొత్త విద్య కాదు. స్టీవ్ వోజ్నియాక్ స్థాపించిన సీఎల్ 9 సంస్థ 1987లో విడుదల చేసిన కోర్ రిమోట్ అప్పటికే ఆ పని చేసింది. నేర్చుకునే రిమోట్ తన ముందు ఉన్నదాన్నే నేర్చుకుంటుంది. అసలు రిమోట్ మీద టాగుల్ ఒక్కటే ఉంటే టాగులే నేర్చుకుంటుంది, అంటే పాత జబ్బునే కొత్త రిమోట్‌లోకి ఎక్కించినట్టవుతుంది.

ఇన్‌పుట్ బటన్‌కూ ఇదే జబ్బు ఉంది. ఒక్కో నొక్కుకు ఒక్కో ఇన్‌పుట్ ముందుకు జరిగే బటన్‌ను మాక్రోలో పెట్టి, ‘మూడుసార్లు నొక్కితే హెచ్‌డీఎంఐ 2 వస్తుంది’ అని లెక్క కట్టినవారు, ముందురోజు ఏ ఇన్‌పుట్ మీద ఆపారో దానిని బట్టి ప్రతిసారీ వేరే చోటికి చేరుకుంటారు. హెచ్‌డీఎంఐ 1కి ఒకటి, 2కి ఒకటి చొప్పున నేరుగా వెళ్లే కోడ్‌లను వెతికి పెట్టుకోండి.

మీ పరికరానికి డిస్క్రీట్ కోడ్ దొరకకపోతే నేను వాడే దగ్గరిదారి చెబుతాను. కొన్ని టీవీలు ఆరి ఉన్నప్పుడు ఛానల్ అంకె నొక్కితే వెలుగుతాయి. వెలిగి ఉన్నప్పుడు అదే అంకె ఛానల్ మారుస్తుంది తప్ప టీవీని ఆర్పదు. అంటే ఆ అంకె ఆన్ కోడ్‌లా పనిచేస్తుంది. అటువంటి టీవీని కచ్చితంగా ఆర్పాలంటే, మాక్రోలో ముందుగా అంకె పంపి, టీవీ పూర్తిగా మేల్కొనేంత వ్యవధి ఇచ్చి, ఆపైన టాగుల్ పంపాలి. అంకె తర్వాత టీవీ తప్పక వెలిగే ఉంటుంది కనుక టాగుల్ దానిని తప్పక ఆర్పుతుంది. డిస్క్ ప్లేయర్లలో కొన్నింటికి ప్లే బటన్ ఇదే ఉపకారం చేస్తుంది. వ్యవధి ఎంత అన్నది గడియారం పట్టుకుని మీరే కొలవాలి. రిమోట్ కొనేటప్పుడు మాక్రో అడుగుల మధ్య విరామం పెట్టే సౌకర్యం ఉందో లేదో తప్పక చూసుకోండి. ఆ సౌకర్యం లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

మరొక మార్గం, స్థితిని తానే గుర్తుపెట్టుకునే రిమోట్. లాజిటెక్ హార్మనీ రిమోట్‌లు ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చాయి: ఏ పరికరాన్ని వెలిగించానో రిమోట్ రాసుకుంటుంది, తేడా వస్తే సహాయం బటన్ నొక్కినప్పుడు ప్రశ్నలు అడిగి సరిచేస్తుంది. ఇంట్లో అందరూ ఆ ఒక్క రిమోట్‌నే వాడితే ఇది బాగుంటుంది. పాత రిమోట్‌లు కూడా బల్ల మీద ఉన్న ఇంట్లో ఆ జ్ఞాపకం త్వరలోనే తప్పుతుంది. పైగా 2021 ఏప్రిల్‌లో లాజిటెక్ ఈ రిమోట్‌ల తయారీని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. సేవలను కొనసాగిస్తామని చెప్పినా, అమరికలు మార్చాలంటే తయారీదారు సర్వర్‌ను చేరవలసిన ప్రతి రిమోట్ విషయంలోనూ ఆ సర్వర్ ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న ఉంటుంది. అందుకే అమరికలన్నీ రిమోట్‌లోనో నా కంప్యూటర్‌లోనో ఉండే నమూనాలనే నేను ఇష్టపడతాను. కొన్న రోజునే బ్యాటరీలు తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ వేసి చూడండి. నేర్పినవన్నీ నిలిచి ఉంటేనే అట్టిపెట్టుకోండి.

ఒక పరికరం మరొకదానిని వెలిగించి ఆర్పగలిగేలా హెచ్‌డీఎంఐ తీగలోని 13వ పిన్ మీద నడిచే సీఈసీ ఉండగా ఇదంతా దేనికని ఇద్దరు అడిగారు. శామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలిచేది దీనినే. ఇది సరిగా నడిచే ఇంట్లో నిజంగా హాయి. అయితే టాగుల్ మాక్రోతో దానిని కలిపితే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి: మాక్రో ప్లేయర్‌ను వెలిగిస్తుంది, ప్లేయర్ సీఈసీ ద్వారా టీవీని వెలిగిస్తుంది, అంతలో మాక్రో పంపిన టీవీ పవర్ కోడ్ వచ్చి దానిని ఆర్పేస్తుంది. ‘టీవీ ఒక్క క్షణం వెలిగి ఆరుతోంది’ అని రాసినవారు ముందుగా దీనినే అనుమానించాలి. డిస్క్రీట్ కోడ్‌లు ఉంటే ఈ పోట్లాటే ఉండదు.

ఇక మిగిలినవి క్లుప్తంగా. అన్ని పరికరాలూ ఇన్‌ఫ్రారెడ్‌ను వినవు. ఫైర్ టీవీ స్టిక్‌లో గానీ ప్లేస్టేషన్ 5లో గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను అందుకునే కన్ను లేదు, ఆపిల్ టీవీ పెట్టెలో ఉంది. మీ జాబితాలో మొదటి రకం ఒక్కటి ఉన్నా బ్లూటూత్ పంపగల రిమోట్‌నో, అటువంటి హబ్‌తో (రిమోట్ ఆదేశాన్ని అందుకుని పరికరాలకు పంపే పెట్టె) వచ్చేదానినో ఎంచుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్ వాడే పరికరాలలో చాలావాటి వాహక తరంగం (కోడ్‌ను మోసుకెళ్లే మినుకుల వేగం) 36 నుంచి 40 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది కాబట్టి సాధారణ రిమోట్ చాలు. బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ మాత్రం 455 కిలోహెర్ట్జ్ వాడుతుంది, దానిని చాలా నేర్చుకునే రిమోట్‌లు పట్టలేవు. తెర గల రిమోట్‌ల కంటే నిజమైన బటన్లు ఉన్నవే నాకు ఇష్టం. చీకటి గదిలో పాజ్ బటన్‌ను బొటనవేలు చూడకుండానే పట్టుకోగలగాలి.

నేర్పించిన అంకెలతో ‘11’ నొక్కితే ‘1’ మాత్రమే పడుతోందని రాసినవారికి ఒక మాట. ఫిలిప్స్ ఆర్‌సీ 5 పద్ధతిలో ఒక్కో సందేశంలో 14 బిట్లు ఉంటాయి, వాటిలో టాగుల్ బిట్ అనే ఒకటి కొత్తగా నొక్కిన ప్రతిసారీ మారుతుంది. దానివల్లనే బటన్‌ను వదిలి మళ్లీ నొక్కారా, నొక్కి పట్టుకున్నారా అన్నది టీవీ తెలుసుకుంటుంది. నేర్చుకున్న రిమోట్ ఆ బిట్‌ను గడ్డకట్టిన రూపంలో దాచుకుంటే, రెండో ‘1’ మొదటిదాని కొనసాగింపు అని టీవీ భావిస్తుంది. అటువంటి పరికరానికి నేర్పించడం మాని, నిధిలోని కోడ్ సంఖ్యను ఎంచుకోండి. పైన చెప్పిన టాగుల్ పవర్‌కూ ఈ బిట్‌కూ పేరు ఒకటే అయినా పని వేరు, రెండింటినీ కలపకండి.

అభ్యాసం. ఇది సులభమైనది కాదు, ఒక సాయంత్రం పూర్తిగా పడుతుంది. మూడు పరికరాలకు ఆన్, ఆఫ్ స్థితులు కలిపి ఎనిమిది ప్రారంభ స్థితులు ఉంటాయి, నాలుగింటికి పదహారు. ఆ స్థితులన్నింటినీ ఒక పట్టికగా వేసుకుని, ఒక్కోదానిలో పరికరాలను చేత్తో ఉంచి, ‘సినిమా’ మాక్రోను ఒక్కసారి మాత్రమే నొక్కి, ఫలితం ఎదురుగా రాయండి. తర్వాత ‘అన్నీ ఆఫ్’ మాక్రోకు కూడా ఇదే చేయండి. ఎనిమిదిలో ఏడు సరిగా వచ్చినా మాక్రో సరిగా లేనట్టే లెక్క. తప్పిన వరుసలో ఏ పరికరం ఎదురు తిరిగిందో గుర్తించి, దానికి డిస్క్రీట్ కోడ్ వెతకండి, దొరకకపోతే పైన చెప్పిన అంకె దారి వేయండి. ఇంకా రిమోట్ కొననివారు ప్రతి పరికరం ఎదుట మూడు గడులు గీసి, ఆన్ కోడ్ తెలుసా, ఆఫ్ కోడ్ తెలుసా, నేరుగా ఇన్‌పుట్‌కు వెళ్లే కోడ్ తెలుసా అని నింపండి. ఐదవ పాఠంలో రిమోట్ నమూనాలను పోల్చేటప్పుడు ఆ పట్టిక మీ చేతిలో ఉండాలి.